లెక్కలో లేని మంచం

గుణుపురం రైలు గేటు అవతల
పాత బియ్యం గోదాములో
పద్దెనిమిది మంచాలకు ఆర్డరు.
ఇన్నాళ్లూ ఉన్నవి పన్నెండే.
కొత్తూరు నుంచి, పార్వతీపురం నుంచి, కొండల మీంచి
పేరు రాయించుకుని వెళ్లినవాళ్ల పుస్తకం
నా బాడిస కంటే బరువు.
వంశధారకి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా
సారా ఏ భాషలో దిగినా
కాలేది ఒకటే గొంతు.

సుశాంతబాబు కొలతలు కాగితం మీద ఇచ్చాడు.
ఆరడుగులు, మూడడుగులు, ఎత్తు అడుగున్నర.
ఎత్తు నేను అడుక్కి దించేశాను.
మూడో రాత్రి మనిషి మంచంలోంచి పడతాడు,
ఆ సంగతి కాగితానికేం తెలుసు.
అంచులన్నీ గుండ్రంగా చిత్రిక పట్టాను.
కోళ్లకి ఇనప మేకులు కొట్టలేదు, కొయ్య చీలలే.
మేకు తల కనిపిస్తే చాలు
తెల్లవార్లూ గోళ్లతో దాన్ని పీకుతూ కూర్చునేవాడు ఒకడుంటాడు.
రెండేళ్ల కింద, ఏడో నంబరు మంచం మీద,
ఆ ఒకడు నేనే.

అంతకు ముందు ఇంట్లోనే మానిపించారు.
మా నీలవేణి, వాళ్ల తమ్ముడూ కలిసి
నులక తాడుతో గుంజకి కట్టి,
బయట గొళ్లెం పెట్టి,
వీధిలో వాళ్లకి జ్వరమని చెప్పి.
గోడ మీంచి చీమలు దిగొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచాయి.
ఉలి ఇమ్మని ఏడ్చాను. చెక్కడానికి కాదు.
అయిదో రోజు కట్లు విప్పింది,
తొమ్మిదో రోజు మా అయ్య రంపం అమ్మేశాను.
తప్పు తాడుదీ కాదు, నీలవేణిదీ కాదు.
నాడి పట్టుకుని చూసేవాడు లేడు,
గ్లాసుడు నీళ్లు నోటికి అందించి
“ఈ రేత్రి గడిస్తే తగ్గిపోద్ది, నానిక్కడే ఉంటాను” అనేవాడు లేడు.

ఖాళీ ఉంది రమ్మని ఫోను వచ్చేసరికి నాలుగు నెలలు.
పుస్తకంలో నా పైన ఉన్న పేరు
లారీ క్లీనరు ఒకడిది.
అతను రాలేదు కాబట్టి
నేను వెళ్లాను.
దాని గురించి ఇంతే చెప్పగలను.

చేర్చుకునే కాగితం ఒడియాలో ఉంది.
అక్షరాలన్నీ తలకి తుండు చుట్టుకుని
వరసగా కూర్చున్నట్టున్నాయి.
సంతకం వచ్చు నాకు, చెయ్యి నిలవలేదు.
వేలిముద్ర వేశాను, అదీ చెదిరింది.

పదిహేడో మంచానికి పట్టెలు బిగిస్తుంటే
ఎండుచేపల సూరీడమ్మ జబ్బ పట్టుకుని
కూతురు లోపలికి వచ్చింది.
గొంతు బాగా తగ్గించి,
“బావూ, ఆడోల్లకి మంచం ఉందేటి?”
సుశాంతబాబు తనకొచ్చిన తెలుగంతా వెతుక్కున్నాడు.
వేరే గది కావాలి, రాత్రి పూట ఆడమనిషి కావాలి,
పైనుంచి మంజూరు కావాలి.
బరంపురం అన్నాడు, కటకం అన్నాడు.
సూరీడమ్మ గంప దించి నవ్వింది.
“తాగడానికి నానంత దూరం ఎల్లలేదు నాయినా,
మా ఈదిలోనే దొరికింది.”

వాళ్లు వెళ్లాక కూడా చాలాసేపు
గోదాములో ఎండుచేపల వాసన.

మిగిలిన మద్ది చెక్క తిరగేసి చూశాను.
కోళ్లకి సరిపోతుంది,
ఒక పట్టెకి అతుకు పడుతుంది.
ఎవరూ అడగలేదు, బిల్లులో రాయలేదు.
టేపు పక్కన పెట్టి జానలతో కొలిచాను,
సూరీడమ్మ పొట్టి మనిషి.

అది పందొమ్మిదోది.
లోపల పట్టక వరండాలో వేశాం.
సుశాంతబాబు రోజూ కాలు తన్నుకుంటాడు,
ఒడియాలో తిడతాడు,
తీసెయ్యమని మాత్రం అనడు.
సంత రోజున సూరీడమ్మ దాని అంచున కాసేపు కూర్చుంటుంది.
పడుకోదు.

వచ్చే వారం కలెక్టరాఫీసు నుంచి ఎవరో చూడ్డానికొస్తారట.
ఇదేంటి ఇక్కడ, అని అడుగుతారు.
అడగాలి.
అందుకే దాన్ని గోడవారగా కాకుండా
దారికి అడ్డంగా వేశాను.